పేస్లిప్పులో కనిపించని కోత

రాయదుర్గంలో మెట్రో దిగి, షేర్ ఆటో ఎక్కి, గేటు దగ్గర కార్డు గీకి, యాప్‌లో బుక్ చేసుకున్న సీటు వెతుక్కుని కూర్చునేసరికి పదిన్నర అవుతుంది. ల్యాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్ తగిలించుకుని టీమ్స్ కాల్‌లోకి వెళ్తాను. అవతల పుణెలో ఇద్దరు, బెంగళూరులో ముగ్గురు, కొచ్చిలో ఒకరు. మా టీమ్‌లో హైదరాబాద్ ఆఫీసుకి వచ్చేది నేనొక్కడినే. పక్క సీట్లో కూర్చునే అమ్మాయి టీమంతా చెన్నైలో ఉంటుంది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని రోజంతా వేరే ఊళ్లవాళ్లతో మాట్లాడతాం, సాయంత్రం ఎవరి ఆటో వాళ్లం ఎక్కేస్తాం. ఆమె పేరు తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మా కంపెనీ మెయిళ్లలో దీన్ని 'కలిసి పనిచేసే సంస్కృతి' అని రాస్తుంటారు.

ఈసారి హైక్ లెటర్ మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఐదు శాతం. అమ్మ ఫోన్ చేసి, "ఏరా, జీతం పెరిగిందంట కదా?" అంది. పెరిగిందనే చెప్పాను. అబద్ధమేమీ కాదు.

ఐటీ ఉద్యోగుల అసంతృప్తి గురించి మాట్లాడేటప్పుడు జీతాలు పెరగడం లేదన్న మాటని, ఇంటి నుంచి పని తీసేశారన్న మాటని రెండు వేర్వేరు ఫిర్యాదులుగా చూస్తారు. మొదటిది న్యాయమైన బాధ, రెండోది కొన్నేళ్లు సోఫాలో కూర్చుని పనిచేసినవాళ్ల బద్ధకం అన్నట్టు. నాకు మాత్రం ఈ రెండూ ఒకే లెక్కలో రెండు పద్దుల్లా కనిపిస్తాయి. వెసులుబాటు కూడా జీతంలో భాగమే, కాకపోతే అది పేస్లిప్పులో అచ్చు కాలేదు. అందుకే దాన్ని తీసేసినప్పుడు ఆ కోత కూడా పేస్లిప్పులో కనిపించలేదు.

ఐదు శాతం ఎక్కడికి పోతుంది

ఒక లెక్క వేద్దాం. సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 12 లక్షలు అనుకుందాం. ఐదు శాతం హైక్ అంటే ఏడాదికి 60 వేలు. వినడానికి బాగానే ఉంది. అందులో పది శాతం వేరియబుల్ పే, అంటే 6 వేలు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. మిగిలిన 54 వేలల్లో బేసిక్ 40 శాతం అనుకుంటే 21,600. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 2,592, గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం చొప్పున 1,039. ఈ రెండూ సీటీసీలో కలిపి చూపిస్తారు, చేతికి రావు. మన వాటా పీఎఫ్ ఇంకో 2,592. అన్నీ పోగా ఏడాదికి చేతికొచ్చేది 47,777. నెలకి 3,981 రూపాయలు. కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు కాబట్టి ఆ బాధ ఒక్కటీ తప్పింది. పీఎఫ్ ఎక్కడికీ పోదు, మన డబ్బే అని మా నాన్న అంటారు. నిజమే, కానీ ఆటోవాడు పీఎఫ్ తీసుకోడు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. 2025 మే నెలలో హైదరాబాద్ మెట్రో చార్జీలు పెరిగాయి. గరిష్ఠ చార్జీని 60 నుంచి 75కి పెంచి, గోల అయ్యాక కొంత తగ్గించి 69 దగ్గర ఆపారు. ఊరికి ఈ చివర ఇల్లు, ఆ చివర ఆఫీసు ఉన్నవాళ్లకి రానూపోనూ రోజుకి 138. నెలలో 22 పని దినాలు వేసుకుంటే 3,036. స్టేషన్ నుంచి ఆఫీసుకి షేర్ ఆటో ఒక వైపు 20 రూపాయలు అనుకుంటే 880. రెండూ కలిపితే 3,916. హైక్‌లో మిగిలింది 65 రూపాయలు. మూడు చాయ్‌లు వస్తాయి.

ఇది ఒంటరిగా, హైదరాబాద్‌లోనే ఉన్నవాడి లెక్క. 2020లో గది ఖాళీ చేసి ఖమ్మమో, రాజమండ్రో, అనంతపురమో వెళ్లిపోయి, అక్కడే పెళ్లి చేసుకుని, పిల్లని అమ్మమ్మ దగ్గర ఉంచి పనిచేసుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు తిరిగి రావాలంటే అద్దె, రెండు నెలల అడ్వాన్స్, పిల్లకి డేకేర్, స్కూలు అడ్మిషన్, కుదిరితే అమ్మమ్మని కూడా తీసుకురావడం, అన్నీ కొత్త ఖర్చులే. ఐదు శాతం కాదు, ఇరవై శాతం హైక్ ఇచ్చినా వాళ్లు ముందుకన్నా వెనకే ఉంటారు.

ఆర్థికవేత్తలు ఈ విలువని కొలిచే ప్రయత్నం చేశారు. అమెరికాలో అలెగ్జాండర్ మాస్, అమాండా పల్లాయిస్ అనే ఇద్దరు నిజమైన ఉద్యోగ దరఖాస్తుదారుల ముందు రకరకాల జీతం-వెసులుబాటు జోడీలు పెట్టి, ఎవరు దేన్ని ఎంచుకుంటారో చూశారు. ఇంటి నుంచి పనిచేసే అవకాశం కోసం సగటు మనిషి 8 శాతం జీతం వదులుకోవడానికి సిద్ధపడ్డాడని 2017లో ప్రచురించిన వాళ్ల పరిశోధనలో తేలింది. కరోనాకి ముందు మాట ఇది. అమెరికా లెక్కని అమీర్‌పేటకి అతికించలేం కానీ, సంగతి మాత్రం అర్థమవుతుంది. 2020 నుంచి 2023 దాకా ఉద్యోగులు అడక్కుండానే వాళ్ల చేతికి ఒక పెద్ద హైక్ వచ్చింది. కంపెనీకి దాని ఖర్చు సున్నా. పైగా కరెంటు, క్యాబ్‌లు, క్యాంటీన్ మిగిలాయి. అందుకే ఆ రోజుల్లో హైక్ తక్కువ పడినా జనం పెద్దగా అరవలేదు.

పాతికకి పాతిక అన్నవాళ్లే

వెనక్కి వెళ్తే ఒక చిత్రమైన మాట దొరుకుతుంది. 2020లో లాక్‌డౌన్ నడుస్తుండగానే టీసీఎస్ 'పాతికకి పాతిక' అనే నమూనాని ప్రకటించింది. 2025 వచ్చేసరికి ఏ సమయంలోనైనా పాతిక శాతం మంది ఉద్యోగులు మాత్రమే ఆఫీసులో ఉంటే చాలు, ఉత్పాదకతకి ఢోకా లేదు అని. అదే కంపెనీ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. 2024 ఏప్రిల్‌లో వేరియబుల్ పేని హాజరుతో ముడిపెట్టింది. ఆఫీసు హాజరు 60 శాతం లోపు ఉంటే త్రైమాసిక వేరియబుల్ సున్నా, పూర్తిగా రావాలంటే 85 శాతం దాటాలి. ఇన్ఫోసిస్ నెలకి పది రోజులంది, విప్రో 2023 నవంబరు నుంచి వారానికి మూడు రోజులంది. నానక్‌రామ్‌గూడలో తన అతిపెద్ద భవనాల్లో ఒకటి కట్టుకున్న అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులు రావాల్సిందేనంది.

నిజానికి వేరియబుల్‌ని హాజరుకి కట్టడం దగ్గరే నాకు అసలు కథ బయటపడినట్టు అనిపిస్తుంది. వేరియబుల్ పే అంటే పనితీరుకి ఇచ్చే డబ్బు అని మనకి చెప్పారు. ఇప్పుడు అది స్వైప్‌కి ఇచ్చే డబ్బయింది. అంటే వెసులుబాటుకి జీతంలో ఒక ధర ఉందని కంపెనీలే ఒప్పుకున్నట్టు. ఆ ధర మనకి ఇచ్చినప్పుడు లెక్కలోకి రాలేదు, తీసుకునేటప్పుడు మాత్రం శాతాలతో సహా వచ్చింది.

జీతం ఎందుకు కదలదు

కారణం ఒకటని చెప్పలేం, చాలా పొరలున్నాయి. అడుగు పొర అన్నిటికన్నా పాతది.

ఐటీ సర్వీసెస్ కంపెనీ వ్యాపారాన్ని మా మేనేజర్లంతా పిరమిడ్ అంటారు. పైన కొద్దిమంది ఆర్కిటెక్టులు, మధ్యలో లీడ్‌లు, అడుగున వేలాదిమంది ఫ్రెషర్లు. క్లయింట్ గంటకి ఇన్ని డాలర్లని ఒక సగటు రేటు ఇస్తాడు. అడుగు ఎంత వెడల్పుగా, ఎంత చవగ్గా ఉంటే లాభం అంత. కాబట్టి కంపెనీకి ఫ్రెషర్ జీతం అంటే పునాది ధర, అది పెరిగితే పైన అన్ని అంతస్తులూ ఖరీదవుతాయి. 2010 ప్రాంతంలో పెద్ద కంపెనీలు ఇంజినీరింగ్ కుర్రాడికి ఏడాదికి మూడు లక్షల చిల్లర ఇచ్చేవి. ఇప్పుడు టీసీఎస్ ఫ్రెషర్లకిచ్చే 'నింజా' అనే మామూలు ప్యాకేజీ 3.36 లక్షలు, ఇన్ఫోసిస్ మామూలు ప్యాకేజీ 3.6 లక్షలు. ఈ మధ్యలో ధరలు ఏమయ్యాయి? 2012ని 100 అనుకుంటే 2024 అక్టోబరుకి దేశంలో వినియోగదారుల ధరల సూచీ 196 దాటింది. అంటే 2012లో 3.2 లక్షలతో కొన్నవి కొనాలంటే ఇప్పుడు 6.27 లక్షలు కావాలి. ఫ్రెషర్ జీతం కాగితం మీద కొంచెం పెరిగింది, కడుపు లెక్కలో సగమైంది.

ఇలా ఎలా సాగింది అంటే, వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఇందులో మన రాష్ట్రాల వాటా చిన్నదేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచి 700 దాకా వెళ్లాయి. ఆ పథకం వల్ల లక్షల ఇళ్లల్లో మొదటి ఇంజినీరు పుట్టాడు, మా ఇంట్లోనూ అంతే, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కానీ ఒక్క సీటుకి పదిమంది నిలబడే చోట సీటు ధర పెరగదు. విప్రో 2023 ఫిబ్రవరిలో చేసిందే చూడండి. 6.5 లక్షల ఆఫర్ ఇచ్చి నెలల తరబడి కూర్చోబెట్టిన ఫ్రెషర్లని, 3.5 లక్షలకి చేరతారా అని అడిగింది. దాదాపు సగం. చాలామంది సరేనన్నారు, ఇంకేం చేస్తారు. 2024లో కాగ్నిజెంట్ 2.52 లక్షల ప్యాకేజీ ప్రకటన మీద ఆన్‌లైన్‌లో పెద్ద రచ్చ అయింది. అది మూడేళ్ల డిగ్రీ చదివినవాళ్లకి, ఇంజినీర్లకి కాదు అని కంపెనీ వివరణ ఇచ్చింది. నెలకి 21 వేలు ఎవరికైనా 21 వేలే కదా అన్న ప్రశ్నకి ఆ వివరణలో చోటు లేదు.

దాని మీద పొర, లాభాల శాతం. స్టాక్ మార్కెట్ టీసీఎస్ నుంచి పాతిక శాతానికి దగ్గరగా, ఇన్ఫోసిస్ నుంచి ఇరవై పైన ఆపరేటింగ్ మార్జిన్ ఆశిస్తుంది. 2024 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో టీసీఎస్ హైక్‌లు ఇచ్చింది, దానివల్ల మార్జిన్ 1.7 శాతం పాయింట్లు తగ్గిందని తనే చెప్పింది. ఆ త్రైమాసికం ఆదాయం 62 వేల కోట్ల పైచిలుకు. గుణించి చూస్తే హైక్ ఖరీదు మూడు నెలలకి వెయ్యి కోట్లకి పైన. ఇప్పుడు తిరగేసి చూడండి. హైక్‌ని మూడు నెలలు వెనక్కి జరిపితే చాలు, ఎవరినీ తీసేయకుండా, క్లయింట్‌ని ఒక్క డాలరు అడక్కుండా వెయ్యి కోట్లు మిగులుతాయి. 2025 ఏప్రిల్‌లో హైక్‌లు వాయిదా అన్నారు. ఆ తర్వాత బెంచ్ నియమం మార్చారు, ఏడాదిలో 225 రోజులు బిల్లింగ్‌లో, అంటే క్లయింట్ డబ్బు కట్టే పనిలో ఉండాలి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా 35 రోజులు దాటకూడదు. జులై చివర్లో దాదాపు 12 వేల మందిని, అంటే రెండు శాతాన్ని తగ్గిస్తామన్నారు. ఆగస్టులో, సెప్టెంబరు 1 నుంచి 80 శాతం మందికి హైక్‌లు అన్నారు. మెయిళ్లు ఈ వరసలో వస్తే, నాలుగున్నర నుంచి ఏడు శాతం మధ్య హైక్ అందుకున్నవాడు జీతం పెరిగిందని సంతోషించడు, ఉద్యోగం ఉందని ఊపిరి పీల్చుకుంటాడు.

ఇది సర్వీసెస్ కంపెనీల జబ్బే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్ కూడా 2023లో పూర్తికాలపు ఉద్యోగులకి జీతాల పెంపు ఆపేసింది. కంపెనీ నష్టాల్లో ఉండి కాదు. ఇక పైనవాళ్ల సంగతి తెలిసిందే. ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పారేఖ్ 2024-25 జీతభత్యాలు 80 కోట్లు దాటాయి.

మధ్యలో ఇరుక్కున్నవాళ్లు

అన్నిటికన్నా ఎక్కువ కోపం ఎవరికి ఉందో చెప్పనా? ఫ్రెషర్లకి కాదు. వాళ్లకి ఉద్యోగం దొరికిందన్న సంతోషం ఇంకా తగ్గలేదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అనుభవం ఉండి, ఒకే కంపెనీని పట్టుకుని ఉన్నవాళ్లకి.

2021-22లో అమెరికా, యూరప్ క్లయింట్లంతా ఒక్కసారిగా డిజిటల్ అంటూ పరిగెత్తినప్పుడు మనుషులు దొరకలేదు. ఇన్ఫోసిస్‌లో వలసల శాతం, అంటే ఏడాదిలో ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల శాతం, 2022 జూన్ నాటికి 28.4కి, టీసీఎస్‌లో ఆ సెప్టెంబరుకి 21.5కి చేరింది. కంపెనీ మారితే యాభై శాతం పెంచుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే పదిమంది దాకా ఉన్నారు. వాళ్లు వదిలిన సీట్లలోకి బయటనుంచి తీసుకున్నవాళ్లకి కూడా అంతే ఇచ్చారు. కదలకుండా ఉన్నవాడికి మాత్రం ఏటా ఆరో, ఏడో శాతం. 2023కల్లా ఒకే టీమ్‌లో, ఒకే పని చేసే ఇద్దరి జీతాల మధ్య ఎనిమిది లక్షల తేడా వచ్చింది, ఎక్కువ తీసుకునేవాడికి పని నేర్పేది తక్కువ తీసుకునేవాడు. ఇది నా కళ్లముందు జరిగింది. ఆ నేర్పినాయన ఒకరోజు క్యాంటీన్‌లో సాంబారన్నం కలుపుతూ, "నేను కంపెనీ మారలేదు కదా, అందుకే ఫైన్ కడుతున్నాను" అన్నారు.

ఆ తర్వాత తలుపులు మూసుకుపోయాయి. 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13 వేలకి పైగా తగ్గింది, స్టాక్ మార్కెట్‌లోకి వచ్చాక అలా తగ్గడం అదే మొదటిసారి. వలసల శాతం రెండు కంపెనీల్లోనూ పన్నెండు, పదమూడు దగ్గరకి పడిపోయింది. కంపెనీ నివేదికల్లో దీన్ని స్థిరత్వం అని రాస్తారు. మా ఫ్లోర్‌లో దీని పేరు ఇరుక్కుపోవడం. ఆ నేర్పినాయన ఇప్పుడు మారాలన్నా తీసుకునేవాళ్లు లేరు. ఉన్నా 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్నవాణ్ని వద్దంటున్నారు, వెంటనే చేరేవాళ్లు కావాలట. రాజీనామా చేసి, ఆ 90 రోజుల్లో వెతుక్కునే ధైర్యం ఇంటి లోన్ ఉన్నవాడికి ఉండదు. విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకునే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు (జీసీసీలు) హైదరాబాద్‌కి వరసగా వస్తున్నాయి, బాగానే ఇస్తున్నాయి, కానీ వాళ్లు ఏరుకుని తీసుకుంటారు. అమెరికా దారి అంటారా, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పని వీసా దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక ఆన్‌సైట్, అంటే క్లయింట్ దేశానికి వెళ్లి పనిచేయడం, అనే పాత ఆశ కూడా సన్నబడింది. ఒకప్పుడు తక్కువ జీతాన్ని ఓర్చుకున్నదే ఆన్‌సైట్ కోసం.

వెసులుబాటు తగ్గడం సరిగ్గా ఈ సమయంలోనే జరగడం యాదృచ్ఛికమని నేను అనుకోను. మనిషి వెళ్లిపోతాడన్న భయం ఉన్నప్పుడు ఇంట్లోంచే చేసుకోమన్నారు. వెళ్లలేడని తేలాక రమ్మన్నారు. మరీ పుల్లవిరుపుగా చెప్పాలంటే, దూరాన ఉన్నవాళ్లలో కొందరు రాలేక రాజీనామా చేస్తే, తీసేసే ఖర్చు, వార్తల్లో పేరు పడే బాధ రెండూ తప్పుతాయి. ఏ కంపెనీ ఇది ఒప్పుకోదు, ఒప్పుకునే అవసరమూ లేదు.

కంపెనీల వైపు మాట

వాళ్ల వాదనలో పస లేదనను. ఫ్రెషర్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవడం కష్టం. నేను మొదటి ఏడాది నేర్చుకున్నదంతా పక్క సీటాయన స్క్రీన్‌లోకి తొంగిచూసి నేర్చుకున్నదే. మా టీమ్‌లో 2021లో చేరిన ఒక కుర్రాడు రెండేళ్లు ఎవరినీ ముఖాముఖి చూడలేదు, చిన్న సందేహం అడగడానికి కూడా జంకేవాడు. మూన్‌లైటింగ్, అంటే దొంగచాటుగా రెండో ఉద్యోగం చేయడం, కూడా నిజంగానే జరిగింది. 2022లో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ దాన్ని సూటిగా మోసమనే అన్నారు, పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. బ్యాంకు క్లయింట్లు తమ డేటా ఎవరి బెడ్‌రూమ్‌లో తెరుస్తున్నారని అడగడమూ నిజమే.

పైకి పెద్దగా చెప్పని కారణం ఇంకొకటుంది. హైదరాబాద్ ఐటీ పార్కుల్లో చాలావరకు ప్రత్యేక ఆర్థిక మండలులు, అంటే సెజ్‌లు. పన్ను రాయితీ ఆ గోడల లోపల జరిగే పనికి ఇచ్చారు. ఇంటి నుంచి పని ఆ చట్టం ఊహించనిది. అందుకే 2022 జులైలో కేంద్రం సెజ్ నిబంధనల్లో 43ఏ అనే కొత్త నియమం చేర్చి, మొదట సగం మందికి, ఆ డిసెంబరులో అందరికీ అనుమతి ఇచ్చి, గడువులు పొడిగిస్తూ వచ్చింది. ప్రతి గడువు దగ్గరపడినప్పుడల్లా మా హెచ్ఆర్ మెయిళ్లలో గొంతు మారేది. ఎందుకో అప్పట్లో మాకు అర్థం కాలేదు.

అయితే ఈ వాదనలు వారానికి రెండు మూడు రోజులు రమ్మనడానికి సరిపోతాయి, ఐదు రోజులకి సరిపోవు. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలో ట్రిప్.కామ్ కంపెనీ ఉద్యోగులు 1,612 మందితో చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరులో, ప్రమోషన్లలో తేడా ఏమీ కనిపించలేదు, రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. మరీ ముఖ్యంగా ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో. రాజీనామాలు తగ్గడం కంపెనీకి లాభం, మనుషులు కావలసినప్పుడు. అక్కర్లేనప్పుడు అదే నష్టంగా కనిపిస్తుంది. ఆ ప్రయోగం ఫలితాన్ని మన కంపెనీలు 2022లో ఎలా చదివేవో, 2024లో ఎలా చదివాయో ఊహించడం కష్టం కాదు.

ఏఐ సంగతి కూడా అడుగుతారు. జీతాలు ఆగడానికి అదే కారణమని ఇప్పుడు ప్రతి టౌన్‌హాల్ మీటింగ్‌లోనూ వినిపిస్తోంది. రేపటికి అది నిజం కావచ్చు, పిరమిడ్ అడుగుని అది తినేయగలదు. కానీ ఫ్రెషర్ ప్యాకేజీ కదలకుండా ఉన్నది చాట్‌జీపీటీ రాకముందు పదేళ్లకి పైగా. పాత జబ్బుకి కొత్త పేరు పెడుతున్నారు.

చట్టం ఎంతవరకు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. అందులో మనకి తగిలేది వేతనం నిర్వచనం. అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కపెడతారు. బేసిక్‌ని 35, 40 శాతం దగ్గర ఉంచి మిగతాది స్పెషల్ అలవెన్స్‌లో పెట్టే పాత అలవాటుకి ఇది చెక్. గ్రాట్యుటీ పెరుగుతుంది, మంచిదే. కానీ సీటీసీ పెంచకుండా లోపల గదులు మాత్రం మారిస్తే చేతికొచ్చేది తగ్గే అవకాశం ఉంది. పీఎఫ్‌ని 15 వేల చట్టబద్ధ పరిమితి మీదే కట్టేవాళ్లకి ఆ బాధ తక్కువ. మీ ఆఫర్ లెటర్ తెరిచి మీది ఏ రకమో చూసుకోండి.

పని గంటల వైపు గాలి ఉద్యోగికి ఎదురుగానే వీస్తోంది. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటల పరిమితి ఉంచుతూనే రోజుకి పది గంటల దాకా పని చేయించుకోనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కూడా దాదాపు అదే సమయంలో పది గంటలకి సరేనంది. చిత్రమేమిటంటే, అదే ఏడాది ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు ఆడవాళ్లకి ఇంటి నుంచి పని కల్పించే ప్రణాళిక గురించి, ఊళ్లలో కోవర్కింగ్ కేంద్రాల గురించి మాట్లాడారు. ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసలకి ఇవ్వాలని నిర్ణయించారు. ఒక చేత్తో ఇంటి నుంచి పని, ఇంకో చేత్తో పెద్ద క్యాంపస్. విశాఖలో ఉద్యోగాలు వస్తే సొంతూరికి దగ్గరగా పనిచేసుకోవచ్చని ఎదురుచూసేవాళ్లు మా ఫ్లోర్‌లోనే చాలామంది ఉన్నారు. వాళ్లకి అదొక రకం వెసులుబాటే. జీతం ఎంతిస్తారన్నది మాత్రం భూమి ధర వార్తల్లో లేదు.

ఇంటి నుంచి పని హక్కు కాదు. ఏ చట్టమూ ఆ హక్కు ఇవ్వలేదు. జీతం తగ్గించాలంటే కంపెనీ ఆలోచిస్తుంది, ఎందుకంటే అది సంతకాలు పెట్టిన కాగితం మీద ఉంది. వెసులుబాటు తగ్గించడానికి ఒక మెయిల్ చాలు.

మొన్న పక్క సీటు అమ్మాయి, "అన్నా, మీ ఆఫర్ లెటర్‌లో వర్క్ లొకేషన్ అని ఏం రాసుంది?" అని అడిగింది. వాళ్లాయన ఉద్యోగం విజయవాడలో. ఆమె హెచ్ఆర్‌కి అర్జీ పెట్టుకుంటోంది. నాది తీసి చూశాను. 'హైదరాబాద్, లేదా కంపెనీ నిర్ణయించిన మరే చోటైనా' అని ఉంది. ఇంటి గురించి ఎక్కడా లేదు. అసలు మాకు ఇంటి నుంచి చేసుకోమని చెప్పిన కాగితం ఏదైనా ఉందా అని మెయిల్ బాక్స్‌లో వెతికాను. ఒకే ఒక్కటి దొరికింది. 2020 మార్చిది, నాలుగు లైన్లు. చివరి లైన్ 'తదుపరి ఆదేశాలు వచ్చేవరకు'.